ఆరుగురి పేర్లతో చదివిన వడ్రంగిపిట్ట

ఒక పెద్ద అడవిలో, మద్దిచెట్ల వాలు మీద, ఒక బడి ఉండేది. అడవిలో బడేమిటి, బడిలో కంప్యూటర్లేమిటి అని అడిగేవాళ్ళు ఇక్కడే లేచి వెళ్ళిపోవచ్చు. మన బడుల్లో జరిగేవి ఉన్నవున్నట్టు చెబితే ఎవరూ నమ్మరని మిమ్మల్ని అడవికి తీసుకెళ్తున్నాను.

ఆ బడిలో నూట అరవై మంది పిల్లలు, ఏడుగురు టీచర్లు, మూడు కంప్యూటర్లు. మూడింట్లో రెండు పనిచేసేవి. ఏ రెండు అనేది రోజును బట్టి మారేది.

హెడ్మాస్టరు జాంబయ్య అనే ఎలుగుబంటి. పెద్ద శరీరం, చెడ్డవాడు కాదు, పని అంటే మాత్రం ఆవలింత. ఏ కాగితం వచ్చినా "ఎవరన్నా చూడండమ్మా" అనేవాడు. ఆ ఎవరన్నా అనేది ఎప్పుడూ ఒక్కరే అయ్యేవారు. ఆమె తురాయి టీచర్. వడ్రంగిపిట్ట. రెండో తరగతికి లెక్కలు చెప్పేది. సీనియారిటీ లిస్టులో ఆమెది ఏడో పేరు, అంటే ఆఖరి పేరు.

నాలుగేళ్ళ కిందట కీబోర్డులో ఇరుక్కున్న పేడపురుగును ఆమె ముక్కుతో లాగి అవతల పారేసింది. కంప్యూటర్ పనిచేసింది. మర్నాడు అసెంబ్లీలో జాంబయ్య ఆమెను బడికి టెక్నాలజీ సమన్వయకర్తగా ప్రకటించాడు. చెప్పాల్సిన తరగతులు ఒక్కటీ తగ్గలేదు, పేరు మాత్రం పొడుగైంది. అప్పట్నుంచి మైకు కీచుమన్నా, ప్రింటర్ కాగితం మింగినా, జాంబయ్య ఫోన్‌లో అక్షరాలు చిన్నవైపోయినా "తురాయమ్మా!" అనే కేక వినిపించేది.

చిత్రమేమిటంటే, ఆమెకు ఆ పని ఇష్టం. అడవి విద్యాశాఖ వాళ్ళకు 'జ్ఞానవనం' అని ఒక ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. అందులో 'బోధనకు కొత్త వెబ్ పరికరాలు' అనే కోర్సు కనిపిస్తే ఎవరూ చెప్పకుండానే చేరింది. మొత్తం పద్దెనిమిది పాఠాలు. బడి వదిలాక రోజూ కాసేపు కూర్చునేది. అందరూ కలిసి రాసే పేజీ ఎలా తయారుచేయాలి, పటం మీద గుర్తులు ఎలా పెట్టాలి, తనంతట తానే మార్కులు వేసే క్విజ్ ఎలా కట్టాలి, అన్నీ నేర్చుకుంటూ మర్నాడే పిల్లల మీద ప్రయోగించేది.

ఆమె తరగతిలో ఒక అలుగు పిల్ల ఉంది. ఏదన్నా ప్రశ్న వేస్తే చాలు, పొలుసులు బిగించి ముద్దగా చుట్టుకుపోయేది. రెండేళ్ళుగా దాని నోట ఒక్క జవాబు రాలేదు. తురాయి తెరమీద క్విజ్ పెట్టిన రోజున ఆ ముద్దలోంచి తోక కొస మెల్లిగా బయటికొచ్చి సరైన జవాబు నొక్కింది. తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. పదికి తొమ్మిది. తురాయి ఆ మార్కులు మళ్ళీ ఒకసారి లెక్కపెట్టింది. పిల్లలు చూస్తారని ముఖం తిప్పుకుని గోడ వైపు చూస్తూ నిలబడింది.

ఐదు పాఠాలు అయ్యేసరికి ఉత్తర్వు వచ్చింది.

'ప్రతి బడిలోని ప్రతి ఉపాధ్యాయుడూ వెబ్ పరికరాల కోర్సును పౌర్ణమినాటి సూర్యాస్తమయంలోగా పూర్తిచేయవలెను. నూటికి నూరు శాతం సాధించని బడి వాగు అవతలి బడిలో విలీనం చేయబడును. దూరం స్వల్పము. పిల్లల రాకపోకల విషయమై మొసళ్ళతో చర్చలు జరుగుచున్నవి.'

సంతకం, విద్యాధికారి బకేశ్వరరావు. ఆయన కొంగ. దూరం కొలిచింది కూడా ఆయనే, గాల్లో ఎగిరి.

తురాయి ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివింది. వాగులో మొసళ్ళున్నాయి. కుందేలు పిల్లలు పదకొండు మంది, జింక పిల్లలు ఐదుగురు, ఆ అలుగు పిల్ల. అది అసలు వాగు గట్టుదాకా నడుస్తుందా అని ఆలోచిస్తే ఆమెకు ఆ పూట మేత దిగలేదు.

జాంబయ్య స్టాఫ్ మీటింగ్ పెట్టాడు. 

ముందుగా లేచింది కొండలరావు, కొండముచ్చు, ఉపాధ్యాయ సంఘం నాయకుడు. "ఇది మా హక్కుల మీద దాడి! బోధనేతర పనులతో టీచర్ల నడ్డి విరుస్తున్నారు. ఈ శిక్షణను మేం బహిష్కరిస్తున్నాం. ఇంతకీ మేడమ్, దీన్లో ఎక్కడ నొక్కితే చేరినట్టు?"

"నాకు వీడియోలో ముఖం కనపడుతుందా?" అని అడిగింది చంద్రిక టీచర్. ఆమె నెమలి. ఏ కార్యక్రమమైనా ఆమె ఫోటో తీసుకున్నాకే మొదలయ్యేది.

"మేం మాత్రం ఇద్దరం కలిపి ఒకటే చేస్తాం. స్పౌజ్ కేటగిరీ కదా" అన్నాడు వరాహమూర్తి. అతనూ అతని భార్య వరాలు టీచరూ అడవిపందులు, ఒకే బడిలో ఉద్యోగం. మీటింగులకు టిఫిన్ డబ్బా తెచ్చుకునేది వాళ్ళిద్దరే.

మిగిలింది కూర్మయ్య మాస్టారు, తెలుగు పండితుడు, తాబేలు. జాంబయ్య కంటే సర్వీసు ఎక్కువ. ఆయనే హెడ్మాస్టరు కావాల్సింది. ప్రమోషన్ కౌన్సెలింగ్‌కు బయల్దేరాడుగానీ, ఆయన చేరుకునేసరికి కౌన్సెలింగ్ అయిపోయి టెంట్లు పీకుతున్నారు. "నాకు రిటైర్మెంటుకు ఇంకా నూటపది సంవత్సరాలే ఉన్నవి. ఇప్పుడీ కొత్త విద్యలెందుకులే నాయనా" అన్నాడాయన.

జాంబయ్య ఒకసారి ఆవలించి, అప్పుడే తట్టినట్టుగా తన పథకం చెప్పాడు.

"తురాయమ్మా, నువ్వు ఎలాగూ ఆ వీడియోలు చూస్తూనే ఉన్నావు కదా. ఆ చేత్తోనే మావీ పెట్టెయ్యి."

తురాయికి అర్థం కాలేదు. "మీవి అంటే, సార్?"

"మా లాగిన్లు. మా పేర్లతో నువ్వే చూసేసి, జవాబులు నువ్వే రాసేసి, పూర్తి చేసెయ్. నీకు అలవాటైన పనేగా."

"కానీ సార్, మీరందరూ నేర్చుకోవాలనే కదా ఇది పెట్టింది?"

జాంబయ్య ఆమె వైపు జాలిగా చూశాడు. "ఇప్పుడు నేర్చుకుంటూ కూర్చునే టైమెక్కడుందమ్మా? ముందు శిక్షణ పూర్తవ్వాలి కదా!"

అందరూ తలలూపారు. ఇంత తెలివైన మాట ఆ గదిలో ఈ మధ్య ఎవరూ అనలేదు.

తురాయి కాదందామనుకుంది. నోటిదాకా వచ్చింది. అంతలో కిటికీలోంచి బయట దుముకుతున్న కుందేలు పిల్లలు కనిపించారు. ఈ ఆరుగురూ ఇరవై రోజుల్లో తమంతట తాము పద్దెనిమిది పాఠాలు పూర్తిచేయడం కలలో మాట. ఒక్కరు మిగిలినా బడి పోతుంది. ఆమె సరేనంది.

పాస్‌వర్డ్‌లన్నీ ఒక మోదుగాకు మీద రాసిచ్చారు. కొండలరావుది 'పోరాటం'. చంద్రికది ఆమె పేరే. దంపతులిద్దరిదీ 'ఉప్మా'. జాంబయ్యకు తనది గుర్తులేదు. "నా పాస్‌వర్డ్ ఏమిటమ్మా?" అని తురాయినే అడిగాడు. ఆమె చెప్పింది.

కూర్మయ్య మాత్రం ఆకు అందుకోవడానికి కాస్త సంకోచించాడు. "ఇది దొంగతనం కిందకు వస్తుందా అమ్మా?"

"రాదు మాస్టారూ, సహకారం కిందకు వస్తుంది" అన్నాడు కొండలరావు. కూర్మయ్య నిట్టూర్చి రాసిచ్చాడు.

లేచి వెళ్ళబోతుంటే జాంబయ్య ఇంకో మాట అన్నాడు. "వరస మాత్రం సీనియారిటీ ప్రకారం పాటించమ్మా. నాది అయ్యాక మిగతావాళ్ళవి. రేపు ఎవరూ మాట అనకూడదు."

ఆ వరసలో తురాయిది ఏడోది. అప్పటికే ఐదు పాఠాలు పూర్తయిన తన కోర్సును ఆమె పక్కన పెట్టింది.

ఆ పోర్టల్ కట్టినవాళ్ళు టీచర్లను బాగా ఎరిగినవాళ్ళు. వీడియోను ముందుకు జరపనిచ్చేది కాదు. ఒక పాఠం పూర్తయితేగాని రెండోది తెరుచుకునేది కాదు. పది నిమిషాలకోసారి తెరమీద 'ఉన్నారా?' అని వచ్చేది. 'ఉన్నాను' అని నొక్కకపోతే పాఠం మొదటికొచ్చేది. తురాయి జాంబయ్యగా ఉన్నానంది, కూర్మయ్యగా ఉన్నానంది, 'ఉన్నాను, ఉన్నాను' అని ఆరు జన్మలెత్తింది.

ప్రతి పాఠం చివరా ఒక ప్రశ్న. 'ఈ పరికరం వల్ల మీ బోధనలో వచ్చిన మార్పును నూరు మాటల్లో రాయండి.' ఆరుగురికీ ఒకటే జవాబు పెడితే దొరికిపోతారు. అందుకని ఎవరి గొంతుతో వాళ్ళకు రాయడం మొదలుపెట్టింది. కూర్మయ్య పేరుతో 'విద్యార్థి మందగమనుడైనను ఈ సాధనమాతని విడిచి ముందుకేగదు' అని రాసింది. కొండలరావు పేరుతో రాసిన ప్రతి జవాబూ 'మా న్యాయమైన కోరిక' అనే మాటతో ముగిసేది. వరాహమూర్తి దంపతులకు ఉదాహరణలన్నీ మధ్యాహ్న భోజనం నుంచే ఇచ్చింది.

జాంబయ్య పేరుతో రాసేటప్పుడు మాత్రం ఆమె చాలాసేపు ఆలోచించేది. ఒక మంచి హెడ్మాస్టరైతే ఈ పరికరంతో ఏం చేస్తాడు? వాననాడు బడికి రాలేని పిల్లలకు పాఠం ఎలా చేరుస్తాడు? మాట పెగలని పిల్లచేత ఎలా మాట్లాడిస్తాడు? తనకెవరన్నా అలాంటి హెడ్మాస్టరు ఉంటే బాగుండునని ఆమెకు ఎన్నాళ్ళనుంచో ఉంది. ఆ కోరికంతా జాంబయ్య ఖాతాలో రాసింది.

ఈలోగా స్టాఫ్ రూములో సందడే సందడి. రోజూ ఒకరు తలుపు దగ్గరికొచ్చి అడిగేవారు.

"మేడమ్, నాకెంత వచ్చింది?"

"పన్నెండో పాఠంలో ఉన్నారు, కొండలరావు గారూ."

"అబ్బ, చాలా కష్టంగా ఉందండీ ఈ కోర్సు" అని ఆయన నుదురు తుడుచుకుంటూ వెళ్ళేవాడు.

పౌర్ణమి వచ్చింది. ఆ మధ్యాహ్నానికి ఆరో కోర్సు, చంద్రికది, పూర్తయింది. తురాయి రెక్కలు ఒకసారి విదిలించుకుని తన పేరుతో లాగిన్ అయింది. ఇంకా పదమూడు పాఠాలున్నాయి. అన్నీ కంఠతా వచ్చినవే. జవాబులు వీడియో కంటే ముందే తెలుసు. అయినా పోర్టల్‌కు అవేం పట్టవు, వీడియో పూర్తిగా ఆడాల్సిందే. ఆరు, ఏడు, ఎనిమిది... సాయంత్రం ఎండ కిటికీ దిగేసరికి పదిహేడు పూర్తయ్యాయి. 

పద్దెనిమిదో పాఠం తెరవబోతే తెరమీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. ఆఖరి రోజు కదా, అడవిలోని బడులన్నీ ఒక్కసారే పోర్టల్ మీద పడ్డాయి. 'దయచేసి వేచి ఉండండి' అంది. ఆమె వేచి ఉంది. పొద్దు మద్దిచెట్ల వెనక్కి దిగిపోయింది. చక్రం ఆగి, 'గడువు ముగిసినది. మీ ఆసక్తికి ధన్యవాదములు' అని వచ్చింది.

వారానికి ఫలితాలు వచ్చాయి. జాంబయ్య అడవి మొత్తానికి ఫస్టు. 'ఈయన జవాబులు ప్రతి హెడ్మాస్టరూ చదివితీరాలి' అని పైవాళ్ళు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మిగతా ఐదుగురికీ డిస్టింక్షన్. కింద ఇంకో వరస ఉంది. 'శిక్షణ పొందనివారు: ఒకరు. తురాయి, టెక్నాలజీ సమన్వయకర్త. ఈ ఒక్కరి కారణంగా బడిని విలీన జాబితాలో చేర్చడమైనది.'

స్టాఫ్ రూములో ఆ వరసను ఒకరి భుజం మీంచి ఒకరు చదివారు. తర్వాత అందరూ కలిసి తురాయి మీద పడ్డారు.

"అంత అశ్రద్ధ అయితే ఎలా మేడమ్? మేమందరం చెయ్యలేదూ?" అన్నాడు కొండలరావు.

"ఒక్క పాఠం! ఒక్కటంటే ఒక్కటి!" అంది వరాలు టీచర్, ఇడ్లీ నములుతూ.

"నేను నీమీద ఎంత నమ్మకం పెట్టుకున్నానమ్మా" అన్నాడు జాంబయ్య, నిజంగానే బాధపడుతూ. అదే అన్యాయం. ఆయన నటించడంలేదు. కోర్సు పూర్తయినందుకు వారంరోజులుగా అభినందనలు అందుకుని అందుకుని ఆ కోర్సు తానే చేశానని ఆయన నమ్మేశాడు.

తురాయి లేచి నిలబడింది. ఆ మోదుగాకు తీసి అందరి ముఖాన కొట్టి, వెళ్ళి బకేశ్వరరావుకు నిజం చెప్పేద్దామనుకుంది. చెబితే ఏమవుతుంది? ఆరు సర్టిఫికెట్లూ రద్దవుతాయి. ఒక్కరు తక్కువైన బడి కాస్తా ఒక్కరూ లేని బడి అవుతుంది. పిల్లలు మర్నాడే వాగులో దిగాలి. ఆమె ముక్కు బిగించి ఊరుకుంది. ఒక్క కూర్మయ్య మాత్రం ఆమె ముఖంలోకి చూడలేక తల డిప్పలోకి లాక్కున్నాడు. రెండు రోజులదాకా బయటపెట్టలేదు.

దారి కనిపెట్టింది కొండలరావే. పాఠాలు చెప్పడం మర్చిపోయాడుగాని ఉత్తర్వులన్నీ అతనికి నోటికి వచ్చు. "తొమ్మిదో పేరా చూడండి సార్! శిక్షణ పొందనివారికి అదే బడిలో శిక్షణ పొందినవారు, విద్యాధికారి సమక్షంలో, స్వయంగా నేర్పి సర్టిఫికెట్ ఇప్పించవచ్చు. అప్పుడు బడికి నూరు శాతం వచ్చినట్టే!"

అందరూ చప్పట్లు కొట్టారు. వరాహమూర్తి డబ్బా తెరిచాడు. చప్పట్లు ఆగాక చంద్రిక టీచర్ మెల్లిగా అడిగింది. 

"అయితే... ఆమెకు నేర్పేదెవరు?"

అందరూ జాంబయ్యను చూశారు. ఆయన మార్కులే కదా ఎక్కువ.

మంగళవారం బకేశ్వరరావు దిగాడు. కంప్యూటర్ గదిలో ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు సగం మూసి, మొదటి ప్రశ్న తురాయినే అడిగాడు.

"నాలుగేళ్ళుగా టెక్నాలజీ సమన్వయకర్తగా ఉన్నారు. మీ హెడ్మాస్టరు ఈ వయసులో ఫస్టు వచ్చారు. మీకు నేర్చుకోవాలనే తపన ఎందుకు లేదమ్మా?"

తురాయి నేల చూపులు చూసింది. "పని ఎక్కువైందండీ."

"సాకులు" అని ఆయన నోటుబుక్కులో రాసుకున్నాడు. "కానివ్వండి జాంబయ్య గారూ. పద్దెనిమిదో పాఠం, తయారుచేసిన దాన్ని నలుగురికీ పంచడం. మీరు చేసి చూపించండి. ఈమె యంత్రాన్ని ముట్టుకోకూడదు. చూసి నేర్చుకోవాలి."

జాంబయ్య కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూర్చోవడం బాగానే కూర్చున్నాడు. చెయ్యి కీబోర్డు మీద పెడితే మొత్తం కీబోర్డు కనపడకుండా పోయింది, ఒకేసారి పద్నాలుగు అక్షరాలు పడ్డాయి. నుదుట చెమట పట్టింది. అప్పుడు తురాయి గొంతు సవరించుకుంది.

"సార్, చిన్న సందేహం. ముందు ఆ ఎలుకలాంటిదాన్ని కుడివైపుకు జరపాలని మీరు చెప్పబోతున్నారు కదా?"

"అదే చెప్పబోతున్నా" అన్నాడు జాంబయ్య, జరుపుతూ.

"ఆ పైన మూలలో ఆకుపచ్చ బొత్తాం ఉంది చూడండి సార్, దాన్ని ఎందుకు నొక్కాలో నాకు అర్థం కావట్లేదు."

"నొక్కాలి కాబట్టి నొక్కాలి" అని జాంబయ్య నొక్కాడు. ఒక డబ్బా తెరుచుకుంది. ఆయన ఉలిక్కిపడి సర్దుకున్నాడు.

"ఇప్పుడు 'చూడవచ్చు' అని ఒకటి, 'మార్చవచ్చు' అని ఒకటి వచ్చాయి. పిల్లలు పొరపాటున పాఠం చెరిపెయ్యకుండా ఉండాలంటే పైదాన్నే ఎంచుకోవాలని, నాలాంటి తెలియనివాళ్ళు కిందిది నొక్కి మొత్తం పాడుచేస్తారని మీరు ఎప్పుడూ అంటుంటారు కదా సార్?"

"ఎన్నిసార్లు చెప్పాలమ్మా!" అన్నాడు జాంబయ్య. ఆయన గొంతులోకి ఎక్కడలేని అధికారం వచ్చింది. "పైది! పైదే నొక్కాలి! ఇంత చిన్న విషయం కూడా గుర్తుండదా?"

తురాయి ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. కోపం ముక్కుకొసదాకా వచ్చింది. కిటికీ అవతల పిల్లలు వరసగా నిలబడి చూస్తున్నారు. "ఇప్పుడు గుర్తుంచుకుంటాను సార్" అంది.

అలా అరగంట నడిచింది. ఆమె సందేహం అడగడం, ఆయన విసుక్కుంటూ ఆ పని చేయడం. మధ్యలో కొండలరావు కూడా ధైర్యం తెచ్చుకుని "అంతే మేడమ్, కరెక్టుగా పట్టుకున్నారు" అని రెండుసార్లు ప్రోత్సహించాడు. చంద్రిక ఫోటోలు తీసింది. బకేశ్వరరావు నోటుబుక్కులో రాసుకున్నాడు, 'అభ్యర్థికి సందేహాలు ఎక్కువ. శిక్షకుడి ఓపిక అమోఘం.'

"ఇప్పుడు మీరు చెయ్యండమ్మా" అన్నాడు తురాయితో.

ఆమె వచ్చి కూర్చుంది. టకటక నాలుగు చప్పుళ్ళు. పాఠం బడిలో ఆ రోజు పనిచేస్తున్న రెండు తెరలమీదా, బకేశ్వరరావు సొంత ఫోన్‌లోనూ తెరుచుకుంది. ఇరవై సెకన్లు కూడా పట్టలేదు.

కొంగ రెండో కాలు కిందికి దించింది. ఆ అధికారి రెండు కాళ్ళమీద నిలబడడం అంతకు ముందెవరూ చూడలేదు. "అద్భుతం! ఇలాంటి అభ్యర్థిని అరగంటలో ఇంతదాన్ని చేశారంటే, నేర్పినవాళ్ళు ఎంతటివాళ్ళై ఉండాలి!"

తురాయికి అక్కడికక్కడే సర్టిఫికెట్ ఇచ్చాడు. ఆలస్యంగా నేర్చుకుంది కాబట్టి మూడో శ్రేణి. బడి పేరు విలీన జాబితాలోంచి కొట్టేశాడు. కిటికీ అవతల పిల్లలు గెంతారు. తురాయికి మూడో శ్రేణి సంగతే గుర్తులేదు. గోడకు ఆనుకుని వాళ్ళ గెంతులు చూస్తూ నిలబడింది.

"ఇంకో మాట" అన్నాడు బకేశ్వరరావు. "ఇంతమంది ఉద్దండులు ఒక్క బడిలో పడి ఉండడం అడవికి నష్టం. వాగు అవతల నాలుగు బడులున్నాయి, ఒక్కరికీ ఈ పరికరాలు రావు. మీ ఆరుగురినీ మాస్టర్ ట్రైనర్లుగా వేస్తున్నాను. సోమవారం నుంచి ఏడాది పాటు రోజూ వెళ్ళి నేర్పి రావాలి."

ఆరుగురి ముఖాల్లో నెత్తురు చుక్క లేదు.

"సార్, వాగులో మొసళ్ళు..." అన్నాడు వరాహమూర్తి.

"పిల్లల కోసం మొదలుపెట్టిన చర్చలే మీ కోసం కొనసాగిస్తాం."

"అయ్యా, నాకు సంఘం పనులుంటాయి" అన్నాడు కొండలరావు.

"ఆన్‌లైన్‌లో చేసుకోండి. డిస్టింక్షన్ కదా మీది!"

జాంబయ్య తురాయి పక్కకు జరిగి, ఎవరికీ వినపడకుండా బతిమాలాడు. "తురాయమ్మా, ఆ కోర్సు చేసింది మేం కాదని ఒక్కమాట చెప్పెయ్యమ్మా. ఏదో వంకతో తప్పించుకుంటాం."

"చెప్పండి సార్" అంది తురాయి. "ఫస్టు వచ్చింది మీరు, ముందు మీరే మొదలుపెట్టండి."

జాంబయ్య బకేశ్వరరావును చూశాడు, చేతిలోని ప్రశంసాపత్రాన్ని చూశాడు. నోరు తెరిచాడు గాని, వచ్చింది ఆవలింతే.

సోమవారం ఐదుగురు వాగు దాటారు. మొసళ్ళు మర్యాదగానే ప్రవర్తించాయి, ఒక్క చంద్రిక తోకలోనే పదకొండు ఈకలు తగ్గాయి. కూర్మయ్య కూడా అందరితోపాటే బయల్దేరాడు. శుక్రవారానికి బడి గేటుదాకా వచ్చాడు. అక్కడ ఆగి కాసేపు ఆలోచించి, వెనక్కి తిరిగాడు. మరో నాలుగు రోజులకు రెండో తరగతి గుమ్మంలోకి వచ్చాడు.

"అమ్మా, నా పేరుతో నువ్వు చదివింది ఏమిటో నాకు చెబుతావా? సిగ్గుగా ఉంది. అయినా అడుగుతున్నాను."

తురాయికి కళ్ళు చెమర్చాయి. "వెనక బెంచీ మీద కూర్చోండి మాస్టారూ. మెల్లిగానే పోదాం" అంది.

ఇప్పుడు నూట అరవై మంది పిల్లలకు ఒకే టీచరు. మునిగిపోతుందనే అందరూ అనుకున్నారు. కాని ఆరుసార్లు చదివిన కోర్సు ఊరికే పోలేదు. ఒక తరగతికి పాఠం చెబుతుంటే ఇంకో తరగతి క్విజ్ చేసేది, మూడో తరగతి పటం మీద వాగులూ గుట్టలూ గుర్తించేది. పెద్దపిల్లలు రాసిన పేజీని చిన్నపిల్లలు చదివేవారు. వాననాడు పాఠం బొరియల్లోకే వెళ్ళేది. మధ్యమధ్యలో వాగు అవతలనుంచి ఫోను. "తురాయమ్మా, ఆ ఆకుపచ్చది మళ్ళీ కనపడట్లేదు." ఆమె చెప్పేది, ఆయన అక్కడ గట్టిగా తిరిగి చెప్పేవాడు, నాలుగు బడుల టీచర్లు రాసుకునేవారు.

ఏడాది చివర సభ జరిగింది. వాగు అవతలి నాలుగు బడులూ బాగా నేర్చుకున్నాయని ఐదుగురు మాస్టర్ ట్రైనర్లకు శాలువాలు కప్పారు. మద్దిచెట్ల బడి ఫలితాలు కూడా ఎన్నడూ లేనంత పెరిగాయి. దానికి కారణం జాంబయ్య గారు దూరంగా ఉండి కూడా చూపిన ప్రభావమని బకేశ్వరరావు సభలో వివరించాడు. చంద్రిక శాలువాతో తోక కప్పుకుని ఫోటో దిగింది.

తురాయికి ఒక కాగితం వచ్చింది. 'మూడో శ్రేణి వారు తమ నైపుణ్యములను మెరుగుపరచుకొనుటకై అదే కోర్సును మొదటినుండి మరల చదువవలెను.'

ఆమె చదివి పకపకా నవ్వింది. కూర్మయ్యకు కోపం వచ్చింది, అంత కోపం ఆయనకు నూట అరవై ఏళ్ళలో రాలేదు. "ఇదేం న్యాయమమ్మా?" అన్నాడు. ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని, తన పేరు కొట్టి, మొదటి పాఠం తెరిచింది. పది నిమిషాలకు తెరమీద 'ఉన్నారా?' అని వచ్చింది. ఎన్నాళ్ళకో తన పేరుతో తాను 'ఉన్నాను' అని నొక్కింది.

నీతి: సర్టిఫికెట్ కావాలంటే మీ పేరుతో ఇంకొకరిచేత చదివించండి, చదువే కావాలంటే ఇంకొకరి పేరుతో మీరు చదవండి.